2147483647: అర్ధరాత్రి మా సర్వర్‌ని ఆపేసిన ప్రధాన సంఖ్య

రాత్రి 1:40కి ఫోన్ మోగింది. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ నాది. నిద్రమత్తులో ల్యాప్‌టాప్ తెరిస్తే స్క్రీన్ నిండా ఒకటే ఎర్రర్, ఒకదాని కింద ఒకటి: డూప్లికేట్ ఎంట్రీ '2147483647' ఫర్ కీ 'ప్రైమరీ'.

అప్పట్లో నేను పనిచేసింది హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో. డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో రిపోర్ట్ రెడీ అవగానే పేషెంట్ ఫోన్‌కి నోటిఫికేషన్ పంపడం మా యాప్ పని. ప్రతి నోటిఫికేషన్‌కీ డేటాబేస్‌లో ఒక ఐడీ నంబర్ ఉంటుంది. ఆ కాలమ్ టైప్ 'ఇంట్'. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. కానీ మా టేబుల్‌లో ఉన్న వరుసలు రెండు కోట్లు కూడా లేవు. మరి మిగతా నంబర్లన్నీ ఏమైపోయినట్టు?

నేనే తినేశా. అంతకు ఏడు నెలల ముందు, ఆ రోజు పంపిన నోటిఫికేషన్ల స్టేటస్‌ని ఐదు నిమిషాలకోసారి తిరగరాసే జాబ్ ఒకటి పెట్టా. "వరుస ముందే ఉంటే అప్‌డేట్ చెయ్యి, లేకపోతే కొత్తది చేర్చు" అనే టైప్ క్వెరీ. మేం వాడే డేటాబేస్‌లో అలాంటి క్వెరీ నడిచినప్పుడల్లా, కొత్త వరుస చేరకపోయినా సరే, ఐడీ కౌంటర్ ఒకటి ముందుకి జరుగుతుంది. రోజుకి సుమారు 35 వేల నోటిఫికేషన్లు, జాబ్ నడిచేది రోజుకి 288 సార్లు. గుణించి చూడండి, కోటి దాటుతుంది. ఏడు నెలలకి 214 కోట్లు హాంఫట్!

నిద్రలేచి కాల్‌లో చేరిన మా సీనియర్ తిట్టలేదు. "టేబుల్ ఎంత ఉందో చూశావ్ తమ్ముడూ, కౌంటర్ ఎంత దూరం పోయిందో చూసుకోలేదు" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

కౌంటర్‌ని 64 బిట్లకు పెంచి కొత్త టేబుల్ పెట్టి, పాత టేబుల్ పేరు దానికి తగిలించాం. 2:25కల్లా సర్వర్ లేచింది. హమ్మయ్య అనుకుని పడుకున్నా. పొద్దున ఏడింటికి ఖమ్మం నుంచి నాన్న ఫోన్. "ఏరా, మీ యాప్ తెరవగానే మూసుకుపోతోంది. అమ్మ షుగర్ రిపోర్ట్ రాత్రికే వస్తుందన్నారు, చూద్దామంటే కుదరట్లేదు."

గుండె జారింది. సర్వర్‌ని బాగుచేశాం గానీ, జనం ఫోన్లలో ఉన్న మా ఆండ్రాయిడ్ యాప్ కూడా ఐడీని 'ఇంట్' లాగానే చదువుతోంది! 2147483648 అనే నంబర్ వచ్చేసరికి అది ఏం చేయాలో తెలియక క్రాష్ అవుతోంది. కొత్త వెర్షన్ స్టోర్‌లో పెడదామంటే, నాన్న ఫోన్‌లో స్టోరేజ్ ఎప్పుడూ ఫుల్లే, అప్‌డేట్ ఎక్కదు. అలాంటి ఫోన్లు ఇంకెన్నో. చివరికి మా సీనియరే దారి చెప్పాడు: పాత వెర్షన్ యాప్‌కి ఐడీని మైనస్ నంబర్‌గా మార్చి పంపు, -1, -2, -3 అంటూ. ఆ వైపు 214 కోట్ల నంబర్లు ఎవరూ వాడకుండా పడి ఉన్నాయి కదా! పదిన్నరకి అమ్మ రిపోర్ట్ తెరుచుకుంది. షుగర్ కంట్రోల్‌లోనే ఉంది.

ఆ మధ్యాహ్నం, ఎందుకిలా జరిగిందో వివరించే డాక్యుమెంట్ రాస్తూ రాస్తూ, ఊరికే ఆ సంఖ్యని కారణాంకాలు కనిపెట్టే టూల్‌లో కొట్టా. వచ్చిన జవాబు: ఇది ప్రధాన సంఖ్య. అంటే 1తో, దానితో తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగించబడదు. ఎర్రర్‌లో ఉన్న 'ప్రైమరీ' అనే మాట చూసి నవ్వొచ్చింది. అప్పటి నుంచి ఈ సంఖ్య నన్ను వదల్లేదు.

మీ ఫోన్‌లో ఇది ఎక్కడుంది?

32 బిట్లు అంటే 32 స్విచ్‌లు అనుకోండి, ఒక్కోటీ 0 లేదా 1. వాటిలో ఒకదాన్ని ప్లస్సా మైనస్సా అని గుర్తుపెట్టుకోవడానికి కేటాయిస్తారు. మిగిలినవి 31. ఆ 31 స్విచ్‌లూ 1 మీద ఉంటే వచ్చే సంఖ్య 2³¹ − 1, అదే మన 2147483647. దానికి ఇంకో 1 కలిపితే లెక్క పొంగిపోయి గుర్తు స్విచ్ మీద పడుతుంది. జావాలో రాసి చూడండి, -2147483648 అని వస్తుంది. పాత స్కూటర్ల ఓడోమీటర్ 99999 తర్వాత 00000కి వచ్చినట్టు, కాకపోతే ఇక్కడ సున్నాకి కాదు, ఏకంగా పాతాళానికి.

గేమర్లకి ఈ సంఖ్య పరిచయమే. రూన్‌స్కేప్‌లో ఒకచోట పోగేయగలిగే కాయిన్లు సరిగ్గా ఇన్నే. 2014 డిసెంబర్‌లో గంగ్నమ్ స్టైల్ వీడియో వ్యూస్ ఈ హద్దు దాటుతున్నాయని యూట్యూబ్ సరదాగా ప్రకటించింది గుర్తుందా? ఒక వీడియోని ఇంతమంది చూస్తారని మేమే అనుకోలేదంటూ కౌంటర్‌ని 64 బిట్లకి మార్చింది.

అసలైనది ఇంకా ముందుంది. యూనిక్స్ కుటుంబానికి చెందిన సిస్టమ్స్ టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టి గుర్తుంచుకుంటాయి. ఆండ్రాయిడ్ కింద ఉన్న లినక్స్ కూడా అంతే. ఆ సెకన్లని 32 బిట్లలో దాస్తే 2147483647వ సెకను 2038 జనవరి 19, మంగళవారం, మన టైమ్ ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి వస్తుంది. తర్వాతి సెకనుకి గడియారం 1901 డిసెంబర్‌కి దూకుతుంది. ఇప్పుడు మీరు కొంటున్న 64-బిట్ ఫోన్లకి ఈ భయం లేదు. 32-బిట్ ప్రాసెసర్ల కోసం కూడా లినక్స్ కెర్నల్ 2020లో వచ్చిన 5.6 వెర్షన్‌తో 64-బిట్ టైమ్‌కి సిద్ధమైంది. అప్‌డేట్ మొహం చూడకుండా గోడకి వేలాడుతూ ఉండిపోయే చవక డబ్బాల గురించే నా బెంగ. మా ఇంట్లో ఒక పాత 32-బిట్ ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. సెట్టింగ్స్‌లో డేట్ ముందుకి జరుపుతూ పోతే 2037 డిసెంబర్ 31 దగ్గర ఆగిపోయింది, ఆ పైన కదల్లేదు. మీరు ప్రయత్నిస్తే మాత్రం రోజూ వాడే ఫోన్‌లో వద్దు. డేట్ తప్పుంటే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, బ్యాంక్ యాప్‌లు మొరాయిస్తాయి.

అన్నీ ఒకట్లే, అయినా పగలదు

32 బిట్ల హద్దు ప్రధాన సంఖ్య కావడం యాదృచ్ఛికమా? సగం అవును, సగం కాదు. బైనరీలో చూస్తే ఎందుకో తెలుస్తుంది.

2³¹ − 1 ని బైనరీలో రాస్తే వరసగా 31 ఒకట్లు. దీన్ని పక్కన పెట్టి ముందు చిన్నది తీసుకుందాం. 111111, ఆరు ఒకట్లు, మామూలు లెక్కలో 63. ఈ ఆరింటినీ మూడేసి చొప్పున గుంపులు చేయొచ్చు: 111, 111. మూడు ఒకట్లంటే 7. కాబట్టి 63ని 7 భాగిస్తుంది. మన పద్ధతిలో 999999ని 999 భాగించినట్టే. ఒకట్ల గొలుసుని సమానమైన ముక్కలుగా కత్తిరించగలిగితే ఆ ముక్క దానికి కారణాంకం అయిపోతుంది. అందుకే గొలుసు పొడవు సంయుక్త సంఖ్య అయితే విలువ కూడా తప్పకుండా సంయుక్త సంఖ్యే.

31 అనేది ప్రధాన సంఖ్య. 31 ఒకట్లని సమానంగా కత్తిరించలేం. ఆ గండం గడిచింది. కానీ అది చాలదు. 11 కూడా ప్రధాన సంఖ్యే, మరి 2¹¹ − 1 = 2047 = 23 × 89. గుంపులతో విరగలేదు గానీ ఇంకో దారిలో విరిగింది.

ఇప్పుడు కంప్యూటర్లలో వాడే సైజులన్నిటికీ ఈ లెక్క వేయండి. గుర్తుకి ఒక బిట్ పోతే, 8 బిట్లలో హద్దు 127. ప్రధాన సంఖ్య. 16 బిట్లలో 32767. ఘాతాంకం 15, మూడేసి చొప్పున విరుగుతుంది: 7 × 31 × 151. 32 బిట్లలో మన హీరో. 64 బిట్లలో ఘాతాంకం 63, కాబట్టి మళ్లీ 7 భాగిస్తుంది. 128 బిట్లలో 2¹²⁷ − 1, 39 అంకెల సంఖ్య, ప్రధాన సంఖ్యే! ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఎడ్వార్డ్ లూకాస్ 1876లో నిరూపించాడు. 256 బిట్లకి వెళ్తే ఘాతాంకం 255, మళ్లీ 7. ఒకటి విడిచి ఒకటి వస్తున్న ఈ వరస చూసి ఏదో లోతైన రహస్యం ఉందనుకున్నా మొదట. సగానికే కారణం దొరికింది. రెండుని సరి ఘాతానికి హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చేదాన్ని 3 ఎప్పుడూ భాగిస్తుంది, 15, 63, 255 అలాంటివే. కాబట్టి 16, 64, 256 బిట్ల హద్దులు విరగక తప్పదు. మిగతా మూడూ నిలబడటం మన అదృష్టమే అనుకోవాలి.

చూపు పోయిన మనిషి, 372 భాగహారాలు

ఇలా 2 ఘాతం నుంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధానాలు అంటారు. మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచ్ మతాచార్యుడు 1644లో ఏయే ఘాతాంకాలకు ఇవి వస్తాయో ఒక జాబితా ఇచ్చాడు. అందులో 31 ఉంది. 67, 257 కూడా ఉన్నాయి, ఆ రెండూ తప్పు. 61, 89, 107 ఉండాల్సింది, వదిలేశాడు. కాబట్టి జాబితాలో ఉందని 31ని నమ్మేయడానికి లేదు, ఎవరో ఒకరు నిరూపించాలి.

నిరూపించింది లియొనార్డ్ ఆయిలర్, 1772లో. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, రెండు కళ్ల చూపూ దాదాపు పోయింది. బెర్నౌలీ అనే మరో గణిత శాస్త్రవేత్తకి రాసిన ఉత్తరంలో ఈ ఫలితం చెప్పాడు.

ఆయిలర్ స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చాలంటే దాని వర్గమూలం వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఇక్కడ వర్గమూలం 46,340 చిల్లర. దాని లోపల ప్రధాన సంఖ్యలు సుమారు 4,800. చేత్తో 4,800 భాగహారాలు, ఒక్కటి తప్పినా నిరూపణ పోయినట్టే. నేనైతే ఆ ఉద్యోగమే మానేసేవాణ్ణి. ఆయిలర్ మాత్రం భాగహారాలు మొదలుపెట్టే ముందు, అసలు ఎలాంటి సంఖ్యలకి దీన్ని భాగించే అవకాశం ఉందో ఆలోచించాడు. నాకు బాగా నచ్చిన ముక్క ఇదే, కాస్త ఓపికగా చదవండి.

ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³¹ − 1 ని భాగిస్తోందనుకుందాం. దాన్ని 'దొంగ' అని పిలుద్దాం. ఇప్పుడు 1, 2, 4, 8 అంటూ రెట్టింపు చేసుకుంటూ పోతూ, ప్రతిదాన్నీ దొంగతో భాగించి శేషం రాస్తూ పోండి. శేషాలు ఎప్పటికైనా 1కి తిరిగొస్తాయి, మళ్లీ అదే చక్రం. దొంగ 2³¹ − 1 ని భాగిస్తుంది కాబట్టి 31 అడుగుల తర్వాత శేషం కచ్చితంగా 1. కాబట్టి చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య, ఇంకో దారి లేదు, చక్రం పొడవు 31 అడుగులే. అటుపక్క ఫెర్మా సిద్ధాంతం ఏం చెబుతుందంటే, ఈ చక్రం పొడవు ఎప్పుడూ దొంగలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యని భాగిస్తుంది. కాబట్టి దొంగ 31 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. బేసి సంఖ్య కూడా కావాలి కాబట్టి 62 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. నమ్మకం కుదరకపోతే ఇందాకటి 2047ని చూడండి. ఘాతాంకం 11. దొంగలు 23, 89. 22 గుణిజం కంటే ఒకటి ఎక్కువ, 88 కూడా 22 గుణిజమే. ఇద్దరూ దొరికిపోయారు.

ఇంకో వల కూడా ఉంది. 2³¹ని దొంగతో భాగిస్తే శేషం 1 కాబట్టి 2³²ని భాగిస్తే శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ యొక్క వర్గం. అంటే ఈ దొంగ దృష్టిలో 2 అనేది ఒక వర్గ సంఖ్య. అలా జరగాలంటే దొంగని 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలి, ఇది తెలిసిన సూత్రమే. రెండు షరతులూ కలిపితే, దొంగని 248తో భాగిస్తే శేషం 1 లేదా 63 అయి తీరాలి.

వర్గమూలం లోపల అలాంటి సంఖ్యలు 372 మాత్రమే (63ని వదిలేస్తే. అది ఎలాగూ ప్రధానం కాదు). వాటిలోనూ నిజమైన ప్రధాన సంఖ్యలు ఎనభై పైచిలుకు. 4,800 కాస్తా ఎనభైకి దిగాయి! మొదటి అనుమానితుడు 311. కాగితం మీద నేనే భాగించి చూశా: 311 × 69,05,092 = 214,74,83,612. శేషం 35. తప్పించుకున్నాడు. తర్వాతివాడు 1303. అక్కడితో నా ఓపిక అయిపోయింది, మిగతావి కోడ్ రాసి ఫోన్‌లో నడిపించా. ఎంటర్ నొక్కిన వేలు పైకి లేచేలోపే అయిపోయింది. ఎవరూ భాగించలేదు.

ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. దీన్ని 2³⁰తో గుణిస్తే 2305843008139952128 అనే 19 అంకెల 'పరిపూర్ణ సంఖ్య' వస్తుంది, అంటే తనని మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కలిపితే తానే వచ్చే సంఖ్య. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లిష్ గణిత శాస్త్రవేత్త తన పుస్తకంలో దీని గురించి రాస్తూ, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యని ఎవరూ కనిపెట్టరని తేల్చేశాడు. ఇవి వింతలే గానీ ఉపయోగం లేనివి, కాబట్టి ఎవరూ ప్రయత్నించరని ఆయన వాదన. పాపం, రెండు రకాలుగానూ తప్పాడు.

షఫుల్ బటన్ వెనక

ఉపయోగం సంగతి చూద్దాం. కంప్యూటర్‌కి పాచికలు వేయడం రాదు. యాదృచ్ఛికంగా కనిపించే సంఖ్యల్ని లెక్కతోనే పుట్టించాలి. బాగా పాత పద్ధతుల్లో ఒకటి డి.హెచ్. లేమర్‌ది. చేతిలో ఉన్న సంఖ్యని ఒక గుణకంతో గుణించు, ఒక పెద్ద సంఖ్యతో భాగించు, వచ్చిన శేషమే తర్వాతి సంఖ్య. అంతే.

ఏ సంఖ్యతో భాగించాలన్న దగ్గరే అసలు తేడా. కంప్యూటర్‌కి 8, 16 లాంటి 2 ఘాతాలతో భాగించడం చాలా తేలిక. సరే, 8తో చూద్దాం, గుణకం 3. ఒకటితో మొదలుపెడితే 1, 3, 1, 3, 1, 3. ఇలా షఫుల్ చేస్తే ప్లేలిస్ట్‌లో రెండు పాటలే తిరుగుతుంటాయి. ఇప్పుడు 7తో, గుణకం అదే 3: 1, 3, 2, 6, 4, 5, మళ్లీ 1. ఆరు శేషాలూ ఒక్కోసారి వచ్చాకే చక్రం తిరిగింది. 7 ప్రధాన సంఖ్య కాబట్టి ఇలాంటి గుణకం దానికి తప్పకుండా ఉంటుంది.

8ని తక్కువ అంచనా వేయొద్దు, ఆ పొరపాటు పెద్దవాళ్లే చేశారు. 1960ల్లో ఐబీఎం మెషీన్లలో రాండూ అనే జనరేటర్ విపరీతంగా వాడారు. గుణకం 65539, భాగించేది 2³¹. దాని సంఖ్యల్ని మూడేసి చొప్పున తీసుకుని త్రీడీలో చుక్కలు పెడితే అవన్నీ 15 సమతలాల మీదే వరస కట్టాయి. దాన్ని నమ్ముకుని చేసిన సిమ్యులేషన్లన్నీ అనుమానంలో పడ్డాయి.

1988లో స్టీఫెన్ పార్క్, కీత్ మిల్లర్ అనే ఇద్దరు, కనీసం ఇదైనా వాడండంటూ ఒక ప్రమాణం ప్రతిపాదించారు. భాగించేది 2³¹ − 1, గుణకం 16807. ఆ 16807 ఏంటో కాదు, 7⁵. 1 నుంచి 214,74,83,646 వరకూ ఉన్న ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చాకే ఇది మొదటికొస్తుంది. సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లు 2011 స్టాండర్డ్‌లో మిన్‌స్టడ్ రాండ్ జీరో అనే పేరు చూసే ఉంటారు, అది ఇదే. ఒక్క జాగ్రత్త: మొదలు సున్నాతో పెడితే ఎన్నిసార్లు గుణించినా సున్నాయే. ఇంకో జాగ్రత్త: పాస్‌వర్డ్‌లకీ ఓటీపీలకీ దీన్ని ముట్టుకోవద్దు. ఒక్క సంఖ్య తెలిస్తే తర్వాతివన్నీ స్కూల్ పిల్లాడు కూడా చెప్పేస్తాడు.

2³¹ కాకుండా 2³¹ − 1 తో భాగిస్తే స్లో అవ్వదా అని అడగొచ్చు. పెద్దగా అవ్వదు. చిన్నప్పుడు ఒక సంఖ్యని 9తో భాగిస్తే శేషమెంతో తెలుసుకోవడానికి అంకెలు కూడేవాళ్లం, గుర్తుందా? 10 కంటే 9 ఒకటి తక్కువ కావడం వల్ల ఆ కిటుకు పనిచేస్తుంది. ఇక్కడా అంతే. పెద్ద సంఖ్యని 31 బిట్ల ముక్కలుగా కోసి, ముక్కల్ని కూడేస్తే చాలు. కూడిక, షిఫ్ట్, అంతకుమించి భాగహారమే అక్కర్లేదు.

దాని పెద్ద తమ్ముళ్లు

బార్లో రెండో తప్పు, ఎవరూ ప్రయత్నించరన్నది. లూకాస్ మొదలుపెట్టిన పద్ధతిని లేమర్ 1930ల్లో మెరుగుచేశాడు. పై జనరేటర్ లేమరే ఈయన కూడా. 4తో మొదలుపెట్టు, వర్గం చేసి 2 తీసెయ్, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం తీసుకో, మళ్లీ అదే చెయ్యి. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 2⁵ − 1 = 31కి చేసి చూడండి: 4, తర్వాత 14, తర్వాత 194 అంటే శేషం 8, తర్వాత 62 అంటే శేషం 0. మూడు అడుగుల్లో తేలిపోయింది. మన 2147483647కి 29 అడుగులు. ఆయిలర్‌కి ఇది తెలిసుంటే ఆ 372 కూడా అక్కర్లేకపోయేది.

ఇప్పటి మెర్సెన్ ప్రధానాల వేటంతా ఇలాంటి పరీక్షల మీదే నడుస్తుంది, గింప్స్ అనే స్వచ్ఛంద ప్రాజెక్ట్‌లో. దాని ప్రోగ్రామ్ ప్రైమ్95 పేరు పీసీ బిల్డ్ చేసేవాళ్లందరికీ తెలుసు. కొత్త ప్రాసెసర్ వేడిని తట్టుకుంటుందా లేదా చూడటానికి దాన్నే నడుపుతారు. 2016 జనవరిలో ఇంటెల్ స్కైలేక్ చిప్‌లు కొన్ని లెక్కల దగ్గర ఫ్రీజ్ అవుతున్నాయని బయటపడింది కూడా దీనితోనే. తర్వాత బయోస్ అప్‌డేట్‌తో సరిచేశారు. 2024 అక్టోబర్‌లో లూక్ డ్యూరాంట్ అనే మాజీ ఎన్విడియా ఇంజనీర్, 17 దేశాల్లోని క్లౌడ్ జీపీయూల్ని వాడి 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధాన సంఖ్య అని పట్టుకున్నాడు. అందులో ఉన్న అంకెలు 4,10,24,320. దీన్ని కూడా బైనరీలో రాస్తే ఒకట్ల గొలుసే, కాకపోతే పదమూడున్నర కోట్లకి పైగా ఒకట్లు.

మళ్లీ మా టేబుల్ దగ్గరకి. ఇప్పుడు ఆ కాలమ్ 64 బిట్లది. హద్దు 2⁶³ − 1, అంటే 9223372036854775807. సెకనుకి పది లక్షల ఐడీలు తగలేసినా నిండటానికి దాదాపు 2 లక్షల 92 వేల ఏళ్లు పడుతుంది. నా జాబ్‌ని కూడా తిరగరాశా, వరుస ముందే ఉందో లేదో చూశాకే ముట్టుకుంటుంది. మీ దగ్గర ఏదైనా యాప్ బ్యాకెండ్ ఉంటే ఇవాళే టేబుల్ సైజు కాదు, కౌంటర్ విలువ చూడండి. ఆ నంబర్ యాప్‌లో ఏ టైప్‌లో చదువుతున్నారో కూడా చూడండి. మేం రెండోది మర్చిపోబట్టే అమ్మ రిపోర్ట్ మూడున్నర గంటలు ఆగింది.

ఆ కంపెనీ వదిలి వచ్చేశా గానీ, కొత్త చోట చేరిన మొదటి వారంలోనే ఒక అలర్ట్ పెట్టించా. ఏ 32-బిట్ కౌంటరైనా 70 శాతం దాటితే నా ఫోన్ మోగాలి. పోయిన నెల ఎవరో రాసిన పాత లాగ్ టేబుల్ మీద మోగింది, మధ్యాహ్నం భోజనం మధ్యలో. స్క్రీన్ మీద 1503238560. చివర సున్నా చూసి, ఇది ప్రధాన సంఖ్య కాదులే అనుకుంటూ చెయ్యి కడుక్కోవడానికి లేచా.